నల్లబడ్డ బిల్లు

"యల్లా సునందా, జల్ది ఆ బిల్లు తే! ఇయ్యాలే ఆఖరు!"

గజేందర్ ల్యాప్‌టాప్ ముందునుంచి అరిచాడు. సునంద బీరువాలోంచి కవరు లాగింది. ఆస్పత్రి బిల్లు నిగనిగలాడుతోంది, కానీ ఒక్క అక్షరం లేదు. అంతా నలుపే.

"దీన్ని ల్యామినేషన్ చేయించినవా?" అంటూ మొగుడి మీదికి లేచింది.

"లైసెన్సుతోపాటు చేయించిన. ఖరాబు కావద్దని!"

"మిషన్ల వచ్చే బిల్లుకు వేడి తగిలితే నల్లబడ్తది. తెల్వదా నీకు?"

ఆ బిల్లు కట్టిన డబ్బు, గజేందర్ అమెరికాలో పనిచేసినప్పుడు జీతంలోంచి పన్ను లేకుండా వైద్యం కోసం దాచింది. నిరుడు ఇక్కడే, దోహాలో, సునంద ఆపరేషన్‌కి తీశారు. వైద్యానికే తీశామని రుజువుంటే పన్ను లేదు. లేదంటే పన్ను, పైన ఇరవై శాతం జరిమానా. అమెరికా పన్ను శాఖ ఆ రుజువే అడిగింది. జరిమానా పడితే, దోహాలోనే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో సునంద తీసుకోబోయే బ్యూటీ పార్లర్ అడ్వాన్సు గోవిందా.

"క్లినిక్‌ల ఇంకోటి అడుగుదాం, నడువ్!" అన్నాడు గజేందర్.

"ఏ క్లినిక్? అది మూసి బోర్డు గూడ పీకేసిన్రు."

"నీ ఫోన్ల ఫొటో?"

"పాత ఫోన్ పోయింది గదా!"

అంతలో సునందకు ఠక్కున గుర్తొచ్చింది. పుష్ప! ఆర్మూర్‌లో ఉండే ఆడబిడ్డ. ఆపరేషన్‌కి అంత అయిందంటే నమ్మక, బంగారం కొన్నావేమోనని ఎత్తిపొడిచింది. ఆ కోపంలో సునంద బిల్లు ఫొటో తీసి మొహాన కొట్టినట్టు పంపింది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అహం మింగి ఫోన్ కలిపింది.

"ఓహో, దోహా దొరసాని! ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా?" అంది పుష్ప.

"తర్వాత తిట్టు వదినా. నా బిల్లు ఫొటో ఉన్నదా?"

"ఉండక? వాడకట్టంత చూపిస్తి. మా మరదలి కడుపు కోస్తే గింతయిందని!"

"జల్ది పంపు! లేకుంటే నా పార్లర్ పోతది!"

"పార్లరా? గీ ముచ్చట నాకు చెప్పనేలేదు!"

"అన్నీ చెప్త. ముందు పంపు వదినా, నీ కాళ్లు మొక్కుత!"

ఫోన్ టింగుమంది. పేరు, ఆపరేషన్, తేదీ, క్లినిక్ ముద్ర, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మూలన సునంద బొటనవేలు కూడా. గజేందర్ ఫొటో ఎక్కించి బటన్ నొక్కాడు. తెరమీద చక్రం తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది.

"అందింది!" గజేందర్ కుర్చీలోంచి ఎగిరాడు.

నెల తిరక్కుండానే జవాబొచ్చింది. పన్ను లేదు, జరిమానా లేదు.

"దీన్ని మాత్రం ల్యామినేష..." గజేందర్ మొదలుపెట్టాడు. సునంద చూపు తగిలి మాట మింగాడు.

ఆమె అప్పటికే ఆర్మూర్‌కి ఫోన్ కలిపింది.

"వదినా, పార్లర్ మనదే! ఫస్టు ఫేషియల్ నీకే!"