ఇసురాయికి ఎనిమిది మైకులు

బేరిగై రోడ్డులో ఉండే పాత పట్టుగూళ్ళ షెడ్డే మంజునాథ్ స్టూడియో. పొద్దున్నే వచ్చి చిమ్మడం, టీ తాగడం, లినక్స్ కంప్యూటర్ ఆన్ చేసి పాడేవాళ్ళు ఎవరన్నా వస్తారేమోనని వాకిలి చూడడం, ఇదీ అతని దినం. ఈమధ్య వాకిలి ఊరికే ఉంటా ఉంది. సోమవారం నుంచి ఫ్యాక్టరీ పనికి వస్తానని మాటిచ్చేసినాడు. ఇంక షెడ్డుకు తాళమే.

ఆ శనివారం ఉద్దనపల్లి నుంచి అతని పెద్దమ్మ తిమ్మక్క ఆటోలో ఇసురాయి వేసుకొని దిగింది. మనవరాలు నందిత పెళ్ళికి పసుపు విసరాలంటే పాట కావాల. ఆ పాట వచ్చింది ఇద్దరికే, తిమ్మక్కకూ, ఆమె చెల్లెలికీ. చెల్లెలంటే మంజునాథ్ వాళ్ళమ్మ. ఆమె పోయి చానా ఏండ్లాయ. తిమ్మక్కకు గొంతూ పోయింది, పాటా సగం మరిచిపోయింది. మిగిలింది రాయిలోనే. ఇసురాళ్ళు తమ మీద పాడిన పాటలు దాచుకుంటాయి, ఒక్కో పాటా ఒక్కసారే తిరిగి పాడి మరిచిపోతాయి. అందుకే మనపక్క ముసలి రాళ్ళను ఎవరూ ఊరికే తిప్పరు.

"తప్పిపోతే మళ్ళీ రాదప్పా," అనింది తిమ్మక్క బొంగురుగా.

"ఏ పక్కనుంచి వచ్చేది ఆ పక్కనే పట్టుకుంటాను పెద్దమ్మా."

రాయి చుట్టూ ఎనిమిది మైకులు పెట్టినాడు. అన్ని వైర్లూ ఒక పెట్టెలోకి, పెట్టె నుంచి ఒకే నెట్‌వర్క్ వైరు కంప్యూటర్‌లోకి. చప్పట్లు కొట్టి చూస్తే శబ్దం తెగి తెగి వచ్చింది. మధ్యాహ్నం దాకా ఏవేవో మార్చినాడు. అదే వరస.

"ఎక్కిళ్ళు పట్టుకున్నట్టుందే. రవ్వంత నీళ్ళు తాపు దానికి."

"తాపితే చచ్చిపోతుంది పెద్దమ్మా."

నవ్వుతా రాయి పక్కన కూలబడినాడు. చెయ్యి పిడి మీద ఆనింది. చిన్నప్పుడు అమ్మకు ఎదురుగా కూర్చొని ఈ పిడే పట్టుకొనేవాడు. తానూ బలంకొద్దీ లాగితే రాయి ఎగిరేది, రాగిపిండి గరుకుగా పడేది. "నువ్వు లాగొద్దు నాయనా. చెయ్యి ఆనించి నా ఎనక రా," అనేది అమ్మ.

మంజునాథ్ లేచినాడు. శబ్దాన్ని లెక్కపెట్టే గడియారం పెట్టెలో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి. పొద్దున తానే రెండింటినీ పెద్దరికంలో కూర్చోబెట్టినాడు. రెండూ లాగుతా ఉన్నాయి. కంప్యూటర్‌ను పెట్టె ఎనక నడవమని మార్చి, చప్పట్లు కొట్టినాడు. తెంపు లేకుండా వినబడింది.

తిమ్మక్క పిడి పట్టింది. రాయి తిరిగింది. రెండు పడుచు గొంతులు, గాజుల చప్పుడు, నడుమ ఒక నవ్వు, చివర్న ఒక పిల్లోడు "అమ్మా, ఆకలి" అనడం. తిమ్మక్క కండ్లు తుడుచుకోకుండానే విసిరింది. పాట అయినాక రాయి వట్టి గరగరే. కంప్యూటర్‌లో మాత్రం అంతా ఉంది.

ఆదివారం పందిట్లో ఆ పాటకే పసుపు విసిరినారు. వచ్చినవాళ్ళంతా విన్నారు.

సోమవారం మూలమీద ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టింది. మంజునాథ్ టిఫిన్ డబ్బా పట్టుకొని షెడ్డుకు తాళం వేయబోతా ఉంటే జవళగిరి నుంచి ఒక టెంపో వచ్చి నిలిచింది. దాని ఎనక రెండు ఆటోలు.

"రాళ్ళను పాడించేది ఈడేనా అప్పా?" అనింది ఒక ముసలామె.

అతను డబ్బా గోడమీద పెట్టి టెంపోలోని ఇసురాయికి చెయ్యి వేసినాడు. బస్సు ఇంకోసారి హారన్ కొట్టి ఎళ్ళిపోయింది.

"నిదానంగా దించప్పా," అనింది ఆమె. "లోపల మా అత్త ఉంది."