కప్పల మాస్టారి చట్రం

బడి వెనక చిత్తడి నేల ఉండేది. పొద్దున్నే మొదటి గంట కొట్టగానే కప్పల మాస్టారు పిల్లల్ని వెంటేసుకుని అందులోకి దిగేవారు. జీవశాస్త్రం అంటే గాజు సీసాలో ఊరబెట్టిన పామును చూడడమేనని మిగతా మాస్టర్లు అనుకునే రోజుల్లో, బతికున్నదాన్ని అది బతికే చోటే చూడాలని పట్టుబట్టిన మొదటి మనిషి ఆయన. అందుకు ఆయనకు దక్కింది ఆ పేరూ, మోకాళ్ళ దాకా జలగల గాట్లూను.

ఆయన పద్ధతి ఒక్కటే. నాలుగు కర్రలు కలిపి మేకులు కొట్టిన పెద్ద చట్రం. చిత్తడికి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని, దాన్ని భుజం మీదుగా వెనక్కి విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడ బురదలో చతికిలబడి, లోపలున్న గడ్డీ, నత్తలూ, పురుగులూ, గుడ్లూ అన్నీ లెక్కపెట్టాలి.

"చూసి విసిరారో, మీకు నచ్చిన చోటే పడుతుంది. అప్పుడు మీరు లెక్కపెట్టేది నేలని కాదర్రా, మీ ఇష్టాన్ని," అనేవారు. ఎవడైనా ఓరకంట చూస్తే చెవి మెలిపెట్టేవారు.

చట్రం పడ్డ చోటు ఇక మారేది కాదు. దాన్ని తియ్యనంత కాలం ఆ ముక్క నేల ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోయేది. అందుకే మాస్టారు పాతదాన్ని పడ్డ చోటే వదిలేసి, వడ్రంగి చేత ఎప్పటికప్పుడు కొత్తది చేయించుకునేవారు. చిత్తడిలో సగం పూడ్చి బస్సు డిపో కట్టినప్పుడు గచ్చు మధ్యన నలుచదరంగా కాసిని నీళ్ళూ, తుంగా, కప్పగుడ్లూ మిగిలాయి. డ్రైవర్లు బస్సును కాస్త ఒరగా తిప్పుకుని పోయేవారు. ఆ పూడ్చిన నేల మీదే లేచిన బట్టల కొట్టులో నిలువుటద్దం ముందు ఇంకో ముక్క ఉండేది. కొట్టాయన బాధల్లా దోమల గురించే.

మిగిలిన సగాన్నీ పూడ్చేస్తామని ఇంజనీరు కాగితాలు సిద్ధం చేసుకున్నాడు. మాస్టారు తన లెక్కలు చూపించి అడ్డం పడ్డారు. ఇక్కడ ఇన్ని రకాల ప్రాణులున్నాయి, ఇవన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి బతుకుతున్నాయి, పూడిస్తే ఊరికి నీళ్ళుండవు అన్నారు. కళ్ళు మూసుకుని తీసిన లెక్కలు కనుక కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

అప్పుడే మాస్టారి భార్యకు దగ్గు పట్టుకుంది. ముందు పొడి దగ్గు, తరవాత నెత్తురు. ఈ వానాకాలం దాటడం కష్టమని డాక్టరు గుమ్మంలో నిలబడి గుసగుసగా చెప్పాడు. ఆవిడ చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి.

"ఏమండీ, ఆ చట్రమేదో నా మీద ఒకటి వెయ్యరాదూ?" అంది, ఆయన బురద బట్టలు నానబెడుతూ.

"చూసి విసిరితే నిలబడదు."

"ఎప్పుడైనా చూసి విసిరారా?"

"లేదు."

"మరి నిలబడదని ఎలా తెలిసింది? చేసి చూడకుండా చెప్పకండర్రా అని పిల్లల ప్రాణాలు తోడేస్తారుగా!"

చూసి విసిరారన్న సంగతి బయటికి పొక్కితే ఇన్నాళ్ళ లెక్కలూ గంగలో కలుస్తాయి, వాటితో పాటే చిత్తడీ పోతుంది. అదీ మాస్టారి భయం. కానీ లోపల ఆవిడ మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేదు. ఆయన వడ్రంగి దగ్గరికి బయల్దేరారు.

మర్నాడు చిత్తడి గట్టు కింద కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టారు.

"కళ్ళు మూసుకోండర్రా," అన్నారు పిల్లలతో. తను మాత్రం తెరిచారు. ఆవిడకేసి తిరిగి నిలబడి, గురి చూసి విసిరారు. చట్రం ఆవిడ తల మీదుగా జారి కుర్చీ కాళ్ళ చుట్టూ పడింది. అప్పుడే పొంగుకొస్తున్న దగ్గు ఆవిడ గొంతులో ఆగిపోయింది.

నిలబడింది. వానలు వచ్చాయి, పోయాయి. ఆవిడ కుర్చీలో కూర్చునే ఉంది. ఆకలి లేదు, నిద్ర లేదు, నొప్పి పెరగలేదు, తగ్గనూ లేదు. డాక్టరు వచ్చి నాడి చూసి, మందు మార్చక్కర్లేదని చెప్పి వెళ్ళాడు. మాస్టారు పైన రేకులు వేయించి, పాఠాలన్నీ ఆవిడ పక్కనే చెప్పుకున్నారు. ఆ కొన్నాళ్ళూ ఆయన ముఖంలో పెళ్ళికొడుకు కళ ఉండేది.

తరవాత ఇంజనీరు వచ్చాడు. కుర్చీని చూశాడు, చట్రాన్ని చూశాడు.

"గురి బాగానే కుదిరింది మాస్టారూ. మీ లెక్కలన్నీ ఇలాంటివేనా?"

ఆ తరవాత మాస్టారి లెక్కల్ని ఎవరూ నమ్మలేదు. వారం తిరక్కుండా లారీలు దిగాయి. చట్రంలోకి మట్టి పడేది కాదు, దాని చుట్టూ లేచేది. మట్టి ఆవిడ మోకాళ్ళు దాటింది, భుజాలు దాటింది. చివరికి ఆవిడ నలుచదరపు గోతి అడుగున కుర్చీలో మిగిలింది. మాస్టారు గట్టున బోర్లా పడుకుని కబుర్లు చెప్పేవారు.

"డిపోలో ఆ కప్పగుడ్లు ఇంకా ఉన్నాయా?" అని అడిగింది ఒకరోజు.

"చెక్కు చెదరలేదు," అన్నారు ఆయన సంబరంగా.

"ఇన్నేళ్ళలో ఒక్కటైనా తోకకప్ప అయిందా?"

ఆయన ఆలోచించారు. జీవితమంతా కప్పల్ని చదివిన మనిషికి ఆ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు. గుడ్లు ఉన్నాయా లేవా అని చూసుకోవడంతోనే సరిపోయింది.

"లేదు," అన్నారు.

"ఈ దగ్గు గొంతులో ఇరుక్కుపోయిందండీ. దగ్గి పారెయ్యాలనుంది. తీసెయ్యండి."

"తీస్తే ఏమవుతుందో తెలుసా? దోమలు పడలేక బట్టల కొట్టాయన మొన్న వాళ్ళది తీసేశాడు. ఆగిన ఏళ్ళన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. కళ్ళముందే ఎండిపోయింది."

"తెలిసే అడుగుతున్నా."

"నా వల్ల కాదే."

"మీ వల్ల కాకపోతే ఇంజనీర్ని పిలవనా?" అని నవ్వబోయింది. దగ్గు అడ్డం పడి నవ్వు కూడా రాలేదు. అది చూసి మాస్టారు పసిపిల్లాడిలా ఏడ్చారు.

మర్నాడు పిల్లలు నిచ్చెన పట్టుకున్నారు. మాస్టారు గోతిలోకి దిగి, కుర్చీ కాళ్ళ దగ్గర చట్రం పట్టుకుని, చాలాసేపు అలాగే వంగి ఉండిపోయారు. ఆవిడ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఆయన కర్రల్ని మేకుల దగ్గర ఊడదీశారు.

ఆవిడ దగ్గింది. ఆ వానాకాలం అంతా కలిపి ఒక్కసారే దగ్గింది. ఆయన చొక్కా నిండా నెత్తురైంది.

"అమ్మయ్య," అంది. "ఇంటికి పదండి."

ఆయన ఆవిణ్ణి భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కారు. సగం దూరంలో ఆవిడ చెయ్యి ఆయన మెడ మీంచి జారిపోయింది. పైన పిల్లలు చేతులందించారు. ఒకమ్మాయి, ప్రతి పాఠం ముందూ అడిగే మాటే అలవాటుగా అడిగేసింది:

"ఇవాళ ఏం లెక్కపెట్టాలి మాస్టారూ?"

"ఇవాళ ఏం లేదమ్మా," అన్నారు ఆయన. "కాస్త ఆవిడ కాళ్ళు పట్టుకోండి. ఇంటికి తీసుకెళ్ళాలి."