సభకు వెళ్లని మంత్రి

కోడలు మంత్రి అయినప్పటి నుంచి పెద్దావిడకు కాలు నేల మీద నిలవడం లేదు. ఇచ్చింది తూనికలు కొలతల శాఖ అయితేనేం, మంత్రి మంత్రే. ఏళ్ల తరబడి బళ్లో డ్రిల్లు టీచరుగా పిల్లల్ని పరిగెత్తించిన గొంతు ఆవిడది. "మా కోడలు మంత్రి" అని మేడ మీద అంటే వీధి చివర ఇస్త్రీ కొట్టువాడికి వినిపించేది.

అందుకే ఆ ఏడు సభ ప్రారంభం రోజున కోడలు అక్కడ ఉండదని తెలిసి ఆవిడ మొహం మాడ్చుకుంది.

"అందరూ టీవీలో కనబడతారు, నువ్వు తప్ప. నీకేం తక్కువయిందని?"

"తక్కువయి కాదత్తయ్యా. నాయకుడు, మంత్రులు, సభ్యులు అందరూ ఒకే కప్పు కింద చేరే రోజు అది. జరగరానిది ఏదైనా జరిగితే ప్రభుత్వాన్ని నడపడానికి ఒకరు బయట ఉండాలిగా? ఏటా ఒక మంత్రిని అలా దూరంగా ఉంచుతారు. ఈసారి నా వంతు."

"అంటే స్టెప్నీ టైరువన్నమాట."

కోడలు నవ్వేసింది. "అంతే అనుకోండి. గాలి ఉన్న టైరేలెండి."

పళ్ల డాక్టరైన కొడుకు, భార్య పేరు మీద వచ్చిన గ్యాలరీ పాసు వృథా ఎందుకని సభ చూడటానికి వెళ్లాడు. మంత్రి వెంట ఇంట్లోవాళ్లు ఒకరు ఉండొచ్చని చెప్పారు కాబట్టి పెద్దావిడ కోడలితో బయల్దేరింది. కోపం కోపమే, ప్రయాణం ప్రయాణమే.

వాళ్లను ఉంచింది ఊరికి దూరంగా గుట్ట మీద ఉన్న వాతావరణ కేంద్రంలో. పొడుగాటి బల్ల, రెండు ఫోన్లు, గోడకు ఊరి పటం, మూలన టీవీ. కుర్చీలకు కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తీయలేదు, కదిలితే చాలు కిర్రుమంటున్నాయి. కాపలాకి వచ్చిన భద్రతాధికారి గుమ్మం దగ్గర పేపరు తిరగేస్తున్నాడు.

"ఏటా వచ్చి కూర్చుని వెళ్లడమే అమ్మగారూ. పోయినేడు చేపల శాఖ మంత్రిగారు ఆ కుర్చీలోనే హాయిగా గురకపెట్టారు" అన్నాడు.

టీవీలో నాయకుడు మాట్లాడటానికి లేచాడు. గొంతు సవరించుకున్నాడు. అప్పుడు బల్ల మీది గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. కాళ్ల కింద నేల, ఎవరో పట్టుకుని కుదిపినట్టు ఊగింది. అది ఆగేసరికి టీవీలో బొమ్మ లేదు.

అధికారి ఒక ఫోను ఎత్తాడు, పలకలేదు. రెండోది పలికింది. వింటున్నకొద్దీ అతని మొహంలో నెత్తురు ఇంకిపోయింది. భూకంపానికి సభాభవనం కప్పు కూలిపోయింది. లోపల నాయకుడి జాడ లేదు, ఆయన తర్వాతివాళ్ల జాడ కూడా లేదు. అతను ఫోను పెట్టేసి, బెల్టు సర్దుకుని, కోడలి ముందుకొచ్చి సెల్యూట్ చేశాడు.

"మేడమ్, ఇక అన్నిటికీ మీరే."

పెద్దావిడకు ఆ మాట సగమే చెవిన పడింది. గ్యాలరీలో కూర్చున్న కొడుకు కళ్ల ముందు మెదిలాడు. అలాగే కుర్చీలో కూలబడింది. కోడలు వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "అత్తయ్యా, మీరు నాకు కనబడేలా కూర్చోండి" అంది.

గుట్ట కింది ఊళ్లో ఉన్న న్యాయమూర్తిని జీపులో తీసుకొచ్చారు. ఆయన ఇంట్లో తిరిగే చెప్పులతోనే వచ్చాడు, జుట్టు నిండా సున్నం పొడి. ఆయన ఒక్కొక్క మాటా చెబుతుంటే కోడలు తడబడకుండా పలికి ప్రమాణం చేసింది. భద్రతాధికారి తన వెంట తెచ్చిన పెట్టెలోంచి అధికార ముద్ర తీసి ఆమె చేతికిచ్చాడు. గదిలో ఇప్పుడు ఎవరూ కూర్చోలేదు, పెద్దావిడ తప్ప.

వెంటనే వచ్చిపడింది అసలు చిక్కు. శిథిలాలు ఎత్తగల పెద్ద క్రేన్లు రేవు దగ్గరున్న నాలుగే. సభాభవనం కూలినట్టే, రేవు పక్కనున్న నూలు మిల్లు కూడా కూలింది. అందులో పొద్దుటి షిఫ్టు జనం వందల్లో ఉన్నారు. శిథిలాల్లోంచి కేకలు వినబడుతున్నాయట.

"నిబంధన ప్రకారం ముందు సభాభవనానికి పంపాలి మేడమ్. నాయకుడు అక్కడున్నారు" అన్నాడు అధికారి. కాస్త ఆగి, మెల్లగా, "డాక్టరుగారు కూడా" అన్నాడు.

కోడలు పటం ముందు నిలబడింది. తల తిప్పి అత్తగారి వైపు చూసింది.

నా బిడ్డ అన్న మాట పెద్దావిడ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకుంది.

"నా మొహం చూడకు. పని చూడు."

కోడలు అధికారి వైపు తిరిగింది. "నాయకుడికి ఏదైనా అయితే పని ఆగకూడదనే కదా నన్ను ఇక్కడ ఉంచారు? నేను ఉన్నాను. కాబట్టి ఆయన కోసం ఇప్పుడు మిల్లులోవాళ్లు ఆగక్కర్లేదు. నాలుగు క్రేన్లూ మిల్లుకి పంపండి. సభ దగ్గరికి సైనికులు వెళ్లాలి, జాకీలు, గునపాలు, చేతులు, ఏవి దొరికితే వాటితో తవ్వాలి."

రేడియోలో చదవడానికి రాసి తెచ్చిన ప్రకటనలో నాయకుడు మరణించారని ఉంది. ఆమె ఆ వాక్యం కొట్టేసింది. "తెలియనిది తెలియదనే చెబుతాను" అని మైకు ముందుకు వెళ్లింది. వణుకు లేని ఆ గొంతు వింటుంటే పెద్దావిడకు కళ్లు చెమర్చాయి. డ్రిల్లు టీచరుగా ఎన్ని గొంతులు విన్నదో! ఇలాంటిది ఒక్కటీ వినలేదు.

మిల్లులోంచి చాలామంది ప్రాణాలతో బయటపడ్డారు. సభ దగ్గర సైనికులతో పాటు కొట్లవాళ్లు, బస్సు కండక్టర్లు, కాలేజీ పిల్లలు ఇటుక ఇటుకా తీశారు. కొందరిని బతికించుకోలేకపోయారు. మర్నాడు మధ్యాహ్నం నాయకుడు దొరికాడు, రెండు కాళ్లూ విరిగి. గ్యాలరీ మెట్ల కింద కొడుకు దొరికాడు, కుడి మణికట్టు నుజ్జయి.

ఆసుపత్రిలో నాయకుడు నీరసంగా, "కొన్నాళ్లు నువ్వే చూడమ్మా. బాగానే చేస్తున్నావట" అన్నాడు.

"మీకు తెలివొచ్చింది, మాట వస్తోంది, సంతకం చేసే చెయ్యి బాగుంది. చట్టం అంతకంటే అడగదండీ" అంటూ కోడలు అధికార ముద్ర ఆయన దిండు పక్కన పెట్టింది. పెట్టి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. పక్కన నిలబడ్డ పెద్దావిడ భుజం పట్టుకోకపోతే అక్కడే పడిపోయేది.

కొడుకు మంచం రెండు వార్డుల అవతల. చేతికి పెద్ద కట్టు. ఆ చెయ్యి మళ్లీ పనిముట్టు పట్టగలదో లేదో డాక్టర్లు తేల్చి చెప్పలేదు. భార్య రాగానే వాడు ఎడమ చేత్తో ఆమె చీర కొంగు పట్టుకున్నాడు.

"లోపల చీకట్లో చెవులు రిక్కించుకుని పడున్నా. ఎంతకీ క్రేను చప్పుడు వినబడదే. అప్పుడే అనుకున్నా, వాటిని నువ్వే ఇంకెక్కడికో పంపి ఉంటావని."

"కోపం వచ్చిందా?"

"మొదట భయం వేసింది. తర్వాత అదీ లేదు."

ఆమె అప్పుడు ఏడ్చింది, వాడి మంచం కోడు పట్టుకుని. పెద్దావిడ ఇద్దరినీ వదిలి వరండాలోకి వచ్చింది.

అక్కడ రాసుకుంటున్న నర్సు తలెత్తి, "మీరు డాక్టరుగారి అమ్మగారేనా?" అని అడిగింది.

"అవును. అంతకంటే ముందు మా కోడలికి అత్తగారిని" అంది పెద్దావిడ, వరండా చివరి మంచం దాకా వినబడేలా.