ఈ రోజు గీతలు ఎక్కడ?

పొద్దున ఏడున్నరకి బాబాయి పేపరు మూడో పేజీ తిప్పి, వాతావరణం పక్కనుండే చిన్న పెట్టె పైకి చదువుతాడు.

"ఎండ ముప్పై నాలుగు. సాయంత్రం జల్లు. గీతలు మందుల షాపు ఎదురుగా."

"అంటే రెండు వేల అడుగులు," అంటుంది అమ్మాయి, బూట్ల తాళ్ళు బిగిస్తూ.

"దాటాక మళ్ళీ వెనక్కి రెండు వేలు," అంటుంది పిన్ని. "పని చేసేదేమో ఎదురు మేడలో! ముక్కెక్కడే అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది."

మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డు. ఒకే వైపు సాగే రోడ్డు, దాని నిండా మోటారు సైకిళ్ళు. గంటకి ఎన్ని వేలో లెక్కపెట్టినవాళ్ళు లేరు. ఒక బండి మీద నలుగురున్న కుటుంబం, ఒక దాని మీద నిలువెత్తు ఫ్రిజ్జు, ఇంకో దాని మీద గుడ్ల అట్టలు మనిషి తలకంటే ఎత్తుగా. ఆ నగరంలో పుట్టినవాళ్ళు ఫుట్‌పాత్ దిగి, పక్కగదిలోకి వెళ్ళినట్టు అవతలికి వెళ్ళిపోతారు. రోడ్డు దాటడానికి వేసే అడ్డగీతలతో పని పడేది పరాయి ఊరివాళ్ళకే.

ఆ గీతలు వేసేది బాబాయే, కార్పొరేషన్ ఉద్యోగి. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే అరగంట రోడ్డు మూయించి, ఇంటి ముందరి కూడలి దగ్గర ఏడు తెల్ల గీతలు వేస్తాడు. రోడ్డు తెరిచిన దగ్గర్నుంచీ బండ్ల ప్రవాహం వాటిని కిందికి నెడుతూ ఉంటుంది. రోజుకి దాదాపు వంద అడుగులు, వాన పడితే రెట్టింపు. నెలాఖరుకి వంతెన దాటి ఎటో పోతాయి. అందుకే పేపర్లో ఆ పెట్టె.

అమ్మాయి వచ్చి మూడు వారాలు కావస్తోంది. కట్టుడు పళ్ళు తయారుచెయ్యడం నేర్చుకుని, పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకుంది. సొంతూళ్ళో పనికి వెళ్ళిన రెండు చోట్లా ఆమె చేతికి టీ ఫ్లాస్కు ఇచ్చారు గానీ మైనం ఇవ్వలేదు. చివరికి తను మైనంతో చెక్కిన ఒక ముందు పన్ను డబ్బాలో పెట్టి ఈ నగరంలోని వర్క్‌షాపుకి పంపింది. దాని యజమానిని అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. ఆయన ఒకే వాక్యం రాశాడు: 'మూడు వారాలు వచ్చి చూపించు.'

ఒక్కటే షరతు. తొమ్మిదింటికి పళ్ళు కాల్చే కొలిమి తలుపు మూస్తారు, ఆ లోపు మనిషి బల్ల దగ్గరుండాలి. మూడోసారి ఆలస్యమైతే ఆదివారం విమానంలో ఇంటికే.

రెండుసార్లు అయిపోయింది. మొదటిసారి రాత్రి వానకి గీతలు పెట్రోలు బంకు దాకా జారిపోయాయి. రెండోసారి తెగించి ఇంటి ముందే దిగింది. మూడడుగులు వేసి, హారను విని, గభాలున వెనక్కి గెంతింది. ఆమె వెనకనుంచి పోదామనుకున్న నాలుగు బండ్లు ఒకదానికొకటి చుట్టుకున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ముప్పై గుడ్లు పగిలాయి.

"ముందుకొస్తే రా, లేదంటే అక్కడే ఉండు," అన్నాడు గుడ్లాయన, చొక్కా మీది సొన దులుపుకుంటూ. "వెనక్కి రావడం ఏం పద్ధతమ్మా?"

ఆ తర్వాత పది రోజులూ ఆమె గీతలు వదల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం, రిటైరైన లెక్కల టీచరొకావిడ కొత్త పళ్ళ సెట్టు పట్టుకుని వర్క్‌షాపుకి వచ్చింది.

"నాలుక కొరుక్కుంటున్నాను మేస్త్రీ. పళ్ళు సరిగ్గా కుదరలేదు."

మేస్త్రి సెట్టు తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. "పళ్ళు కుదిరాయి. మీ నాలుకే ఇంకా కుదురుకోలేదు. ఇన్నేళ్ళు ముప్పై రెండు పళ్ళ మధ్య తిరిగింది కదా, ఎన్నిసార్లు కొరికాయి? ఇప్పుడు భయపడి మధ్యలో ఆగుతోంది, అందుకే దొరికిపోతోంది. ఆపకుండా మాట్లాడండి."

"ఏం మాట్లాడను?"

"రెండో ఎక్కం చెప్పండి."

ఆవిడ రెండో ఎక్కంతో మొదలుపెట్టి పన్నెండో ఎక్కం దాకా పోయింది. ఒక్కసారీ కొరుక్కోలేదు. అమ్మాయి చేతిలోని మైనం చల్లారిపోయింది. ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తోంది.

శనివారం, గడువులో చివరి రోజు. పేపరు ఆలస్యంగా, ఎనిమిది నలభైకి వచ్చింది. బాబాయి మూడో పేజీ తిప్పి, వెంటనే పేపరు మడిచేశాడు.

"చదవండి," అంది పిన్ని.

"గీతలు వంతెన దాటాయి."

"పోయి రావడానికి అరగంట నడక!" పిన్ని గరిటె పక్కన పెట్టేసింది. "మీరు కొత్తవి వేసెయ్యండి, ఇప్పుడే!"

"రోడ్డు మూసే ఆర్డరు ఒకటో తారీఖుకేనే. ఈ ప్రవాహంలో బ్రష్షు పెడితే బ్రష్షూ పోతుంది, నేనూ పోతాను."

అమ్మాయి అప్పటికే మెట్లు దిగుతోంది. పిన్ని చెప్పుల్లేకుండా వెంట పరిగెత్తింది. "వద్దే! ఉద్యోగం పోతే ఇంకోటొస్తుంది, కాళ్ళు పోతే వస్తాయా?"

"ఆగితేనే కొరుకుతాయి పిన్నీ."

"ఏంటి కొరికేది?"

అమ్మాయి రోడ్డు అంచున నిలబడి పది నిమిషాలపాటు బండ్లనే చూసింది. ఎనిమిది యాభై ఏడుకి ఆమె ఫుట్‌పాత్ దిగింది.

రెండు ఒకట్ల రెండు. మొదటి బండి ఆమె ముందునుంచి పోయింది. రెండు రెళ్ళు నాలుగు. రెండోది వెనకనుంచి. ఆమె పరిగెత్తలేదు, ఆగలేదు. ఫ్రిజ్జు కుడివైపుకి వంగి దారిచ్చింది. నిలువుటద్దం మోస్తున్న బండొకటి ఎదురొచ్చింది. ఆ అద్దంలో ఒక పిల్ల రోడ్డు మధ్యలో పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. ఎవరా అనుకునేలోపు అద్దం పక్కకి జరిగిపోయింది. గుడ్లాయన ఆమెని గుర్తుపట్టి ముందు బిగుసుకున్నాడు. ఆమె వెనక్కి గెంతదని తెలిశాక హారను రెండుసార్లు కొట్టాడు. అది తిట్టు కాదని ఆమెకి అర్థమైంది. ఎక్కం తప్పలేదు. రెండు ఆర్ల పన్నెండు.

ఏడో అంకె దగ్గర కాలికింద తెల్లగా కనిపించింది.

గీత. దాని పక్కన ఇంకోటి. ఏటికి ఎదురీదే చేపల్లా ఏడు గీతలూ వంతెన వైపునుంచి చక్రాల కిందుగా ఈదుకుంటూ వచ్చి, ఆమె అడుగుల కింద ఒక్కొక్కటే సర్దుకున్నాయి. తడిగా, ఆయాసపడుతున్నట్టు మెరుస్తున్నాయి. బండ్లు యథాప్రకారం ముందునుంచి కొన్ని, వెనకనుంచి కొన్ని పోతూనే ఉన్నాయి.

అవతలి మెట్టు ఎక్కుతుంటే చివరి గీత కూడా ఆమె వెంట వద్దామని ఒక అంచు పైకెత్తింది. గుమ్మంలో పళ్ళ మేస్త్రి నిలబడున్నాడు, ఒక చెయ్యి కొలిమి తలుపు మీద.

"దాన్ని లోపలికి తేకు," అన్నాడు. "ఇప్పుడే నేల తుడిచారు."

గీత వెనక్కి జారి రోడ్డు మీద పడుకుంది. ఆమె బల్ల దగ్గర కూర్చుంది. కొలిమి తలుపు మూసుకుంది. సాయంత్రం మేస్త్రి రెండేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టి, ఆమె ముందుకి తోసి, వేరే సెట్టు పాలిష్ చేసుకోవడంలో పడ్డాడు.

ఆదివారం పేపర్లో వాతావరణం పక్కన పెట్టె లేదు. బాబాయి మూడో పేజీ అటూ ఇటూ తిప్పి, కిటికీలోంచి తొంగి చూశాడు. గీతలు ఇంటి గుమ్మం నుంచి ఎదురు మేడ మెట్టు దాకా, నిన్న సర్దుకున్నచోటే ఉన్నాయి. బండ్లు వాటి మీదుగా పోతున్నాయి గానీ ఒక్కటీ జరగడంలేదు.

"నా ఉద్యోగానికి ఎసరు పెట్టావు కదే," అన్నాడు. గొంతులో మాత్రం గర్వం దాగలేదు.

మధ్యాహ్నం ఆమె ఎక్కాల్సిన విమానం మేడల మీదుగా వెళ్ళింది. ఆ సమయానికి ఆమె రోడ్డు మధ్యలో ఉంది, అవతలికి పోతూ. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

పిన్ని కిటికీలోంచి కేకేసింది. "ఆదివారం వర్క్‌షాపు మూసేస్తారు కదే! ఏం కావాలి నీకు అక్కడ?"

"ఏమీ వద్దు పిన్నీ!" అని అరిచి, అమ్మాయి ఐదోసారి ఫుట్‌పాత్ దిగింది.