సగం మందికి ఆయన మాట

గిన్నెలు తోముతూనే ఆమె వంటింటి గట్టు మీది ల్యాప్‌టాప్ వైపు తొంగి తొంగి చూస్తోంది. భర్తకు పరుపుల దుకాణం. దాని వెబ్‌సైటులో రాతంతా ఆరేళ్లుగా ఆమెదే. "ఖాళీగానే ఉన్నావుగా, రెండు ముక్కలు రాసిపెట్టు" అన్నాడాయన అప్పట్లో. ఆ ఖాళీ ఎక్కడుందో ఆమెకు ఇంతవరకూ కనబడలేదు.

పది రోజుల కిందట పేచీ వచ్చింది. కొత్త ప్రకటనకు ఆయన పెట్టమన్న మాట, "రాజసమైన నిద్ర మీ సొంతం." ఆమె రాసింది, "పొద్దున లేవగానే నడుం పట్టేస్తోందా?"

"ఛ, ఆస్పత్రి బోర్డులా ఉంది. ఇంట్లో కూర్చునేదానివి, జనం సంగతి నీకేం తెలుసు?"

ఆమె రెండు మాటల్నీ పరీక్షకు పెట్టింది. బొమ్మ అదే, ధర అదే, మాట ఒక్కటే మార్చి రెండు ప్రకటనలు చేసింది. సైటుకొచ్చిన వాళ్లలో సగం మందికి ఆయనది, సగం మందికి తనది కనబడేలా పెట్టింది. మొదటి రోజే తనది ముందుంది. ఎగిరి గంతేయాలనిపించినా తమాయించుకుంది. ప్రకటన మీద నలుగురు నొక్కితే సరిపోదు, వేలమంది చూడాలి. అప్పటినుంచి బట్టలారేస్తున్నా, దుప్పట్లు మారుస్తున్నా మనసంతా ఆ అంకెల మీదే. తెల్లవారడం కోసం ఇలా ఎదురుచూసి ఎన్నేళ్లయింది!

ఇవాళ పదో రోజు. ఆయన మాట చూసి నొక్కినవాళ్లు నూటికి ముగ్గురు. తన మాటకు పదకొండు మంది! కొన్నవాళ్లూ అటే ఎక్కువ. సబ్బు నురగ చేతులతోనే ల్యాప్‌టాప్ పట్టుకుని హాల్లో ఉన్న భర్త దగ్గరికి పరుగెత్తింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఫొటో నేను తీసిందేగా."

"రెండింటికీ అదే ఫొటో" అంది నవ్వుతూ.

పక్కనే కూర్చున్న అత్తగారు కళ్లజోడు పెట్టుకుని తెర మీద కోడలి మాట చదివింది. "నా నడుం సంగతి వీళ్లకెవరు చెప్పారే?"

ముగ్గురికీ నవ్వాగలేదు. అంతలో ఆయన ఫోను మోగింది. చెప్పుల కంపెనీ ఆవిడ. ప్రకటన చూసిందట, తమకూ అలా రాసేవాళ్లు కావాలట.

"అబ్బే, బయటివాళ్లెవరూ కాదండీ. మా ఆవిడే, ఊరికే ఏదో రాస్తుంటుంది..."

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది.

"రాసింది నేనేనండీ. రేపు పదింటికి మీ ఆఫీసుకొస్తాను. ఊరికే మాత్రం రాయను."