శిక్షణలో ఉన్నవారి తప్పు

ఆ దుకాణంలో ఆమెకు వెనకాల పెట్టిన పేరు లిఫ్టు. ఒక్క బిల్లు కొట్టకుండా, ఒక్క పెట్టె మోయకుండా, చదువు పూర్తికాగానే నేరుగా మేనేజరు గదిలోకి వచ్చినందుకు దక్కిన పేరది. మొదటి వారంలోనే చెవిన పడింది. కోపం రావలసిన మాటే, రాలేదు. పోలిక సరిగానే కుదిరిందనుకుని ఊరుకుంది. ఇంట్లో వాళ్ళమ్మ మాత్రం కనపడిన ప్రతివారికీ "మా అమ్మాయి ఏకంగా మేనేజరే" అని చెప్పుకుంటోంది. శిక్షణ గడువు ఇంకా ముగియలేదన్న సంగతి ఆవిడ ఎత్తదు.

జరిగిన తప్పు చిన్నదే. ప్రతి సాయంత్రం అరల్లో వెనక మిగిలిన సరుకును అంచుకు లాగి నిలబెట్టడం అక్కడి పద్ధతి. ముందు వరుస నిండితే కొనేవారి కంటికి అర మొత్తం నిండినట్టే ఉంటుంది. ఆమె కూడా కొనేవారి కళ్ళతోనే చూసింది. పసిపిల్లల పాలపొడి డబ్బాల ముందు నిలబడి, చేతిలోని ట్యాబ్‌లో 'నిండుగా ఉంది' అన్నచోట వేలు నొక్కింది. డబ్బాల వెనక్కి చెయ్యి పోనిచ్చి చూడాలని తోచలేదు. కంప్యూటరు ఆమె మాట నమ్మి కొత్త సరుకు తెప్పించలేదు. వారం తిరక్కుండా అర ఖాళీ అయింది. తల్లులు గొడవకు దిగారు. గొడవ పైవారి దాకా పోయింది.

ఏరియా మేనేజరు వచ్చి ఆమె గదిలో, ఆమె కుర్చీలోనే కూర్చున్నాడు.

"ట్యాబ్‌లో కొట్టింది నేనే సార్," అంది ఆమె.

"నువ్వు ట్రైనింగ్‌లో ఉన్నావమ్మా. ట్రైనింగ్ వాళ్ళ పేరు మీద తప్పు రాయడం మన దగ్గర లేదు. అది ఫ్లోర్ ఇన్‌ఛార్జి కిందికి పోతుంది."

ఫ్లోర్ ఇన్‌ఛార్జిని దుకాణమంతా బాబాయి అంటుంది. ఆమె పుస్తకాల సంచీతో బడికి పోయే రోజుల నుంచే అతను అక్కడ పనిచేస్తున్నాడు.

"ఆయన ఆరోజు సెలవులో ఉన్నారు సార్."

"ఆయనుంటే ఉన్నాడు, ఫ్లోరు సెలవులో లేదుగా. ఇది ఆయనకి మూడోది. ముందువి కూడా నీలా వచ్చినవాళ్ళవే అనుకో. మూడైతే ఇంటికే. రేపు షట్టర్ ఎత్తకముందే పిలిచి చెప్పేసెయ్. చెప్పలేనంటే ఇప్పుడే అను, ఈ పనికి పనికిరావని రాసుకుంటా. సిగ్గుపడాల్సిందేం లేదు, అందరికీ చేతకాదు."

జవాబులు రెండే ఉన్నాయని ఆమెకు తెలుసు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. "చెప్తాను సార్" అన్న మాట వినిపించింది. ఆ గొంతు తనదేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది. "బాగానే చేస్తున్నావ్," అంటూ అతను కుర్చీలోంచి లేచాడు.

"పెద్ద సారు వచ్చాడటగా, ఏమన్నాడే?" అని ఇంట్లో అమ్మ అడిగింది.

"బాగానే చేస్తున్నావన్నాడు."

అది అబద్ధం కాకపోవడమే ఆమెకు వింతగా తోచింది. అన్నం తిని పడుకుంది. నిద్ర కూడా పట్టింది.

పొద్దున బాబాయి అట్టపెట్టెలు కోస్తున్నాడు.

"బాబాయ్, ఒకసారి కూర్చుంటారా?"

"కూర్చోమన్నారంటే ఏదో మూడినట్టే మేడంగారూ. కానివ్వండి, నిలబడే వింటాను. కాళ్ళకి అలవాటే."

ఆమె చెప్పింది. మైకులో ప్రకటన చదివినట్టు, ఎక్కడా తడబడకుండా. అతను కోతకత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంతకీ నిండుగా ఉందని కొట్టిందెవరు?"

"నేనే."

"ఆ ముక్క వాళ్ళకి చెప్పావా అమ్మాయ్?" 'మేడంగారు' అన్న పిలుపు ఎటో పోయింది.

"చెప్పాను. నేర్చుకునేవాళ్ళ తప్పులు రాయరట."

అతను నవ్వాడు. "చేరేటప్పుడు నాకెవరూ చెప్పలేదు చూడు. ఇన్నేళ్ళూ నేర్చుకుంటూనే ఉండిపోయేవాణ్ణి." తర్వాత, "మరి ఈ కబురు మోయడానికి నువ్వెందుకు ఒప్పుకున్నావ్?" అన్నాడు.

"ఒప్పుకోకపోతే నన్ను తీసేస్తారు."

"ఊఁ. అదైతే నిజం." బేరమాడే అవసరంలేని ధర విన్నవాడిలా తలాడించాడు. "ఏడుస్తావేమో, మళ్ళీ నేనే ఓదార్చాలేమో అనుకున్నా. ఆ పని తప్పించావ్, మంచిదే."

మత్తుసూది పొడిచిన దవడను నాలుకతో తడిమి చూసుకున్నట్టు, ఆమె సిగ్గు కోసం లోపల వెతికింది. ఉండవలసిన చోటు తెలుస్తూనే ఉంది, స్పర్శ లేదు. అతను చొక్కా మీది పేరుబిళ్ళ విప్పి పెట్టె మీద ఉంచి, సరుకు దించే తలుపు గుండా వెళ్ళిపోయాడు.

షట్టరు పైకి లేచింది. బిల్లింగ్‌లో కూర్చునే అమ్మాయి జడ వేసుకుంటూ వచ్చి, "బాబాయి ఏడక్కా?" అంది.

"ఇక రాడు. ఇవాళ్టి నుంచి ఫ్లోరు నువ్వు చూసుకో."

ఆ పిల్ల పెట్టె మీదున్న బిళ్ళను చూసింది. జడ చివర రబ్బరు బ్యాండు వేసుకోవడం మరిచిపోయింది.

"అలాగే మేడం," అంది.

ఆమె ఆ పిలుపును సరిదిద్దలేదు. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.