లాంతరు మామయ్య మింగని మాత్ర

తాళాలు బాగుచేసే మామయ్య రాత్రి తిన్నాక చాలాసేపు ఇంట్లోనే అటూ ఇటూ తిరిగేవాడు. మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకున్నాడు. కారం మానేశాడు, కాఫీ మానేశాడు. ఇంత చేసినా నడుం వాల్చగానే పులుపు గొంతులోకి ఎగదన్నేది. గుండెల్లో మంట మొదలయ్యేది. ఆ మంట చొక్కాలోంచి పచ్చగా వెలిగేది. అందుకే వీధిలో అందరికీ ఆయన లాంతరు మామయ్య. కరెంటు పోతే పక్కింటివాళ్ళు మొహమాటం లేకుండా, "మామయ్యా, కాస్త ఇటు తిరిగి పడుకో" అని కేకేసేవాళ్ళు.

ఆయన భార్య, వీధికంతా అత్తయ్య, దర్జీ కొట్టు చొక్కాలకు ఆ వెలుగులోనే కాజాలు కుట్టేది. కంటి నరం ఎండిపోతోందని, చూపు ఏ రోజైనా పూర్తిగా పోవచ్చని డాక్టరు చెప్పాక సూది పక్కన పెట్టేసింది. ఎండలో చూసినా, ట్యూబులైటు కింద చూసినా ఆమెకు అంతా మసకే. మొగుడి మంట వెలుగులో మాత్రం ఆయన మొహం తేటగా కనబడేది.

ఈలోగా మామయ్యకు గొంతు కింద అన్నం దిగే గొట్టం పుండైంది. అశ్రద్ధ చేస్తే ముద్ద దిగదని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

"నా కళ్ళు ఎటూ పోయేవే. మీ గొంతు కూడా ఎందుకు తగలబెట్టుకోవడం?" అంటూ అత్తయ్యే ఆయన్ని మందుల షాపుకి లాక్కెళ్ళింది.

"ఈ తెల్ల మందు తాగగానే చల్లబరుస్తుంది అత్తయ్యా, కానీ ఓ గంటే" అంది షాపు అమ్మాయి. "ఈ రాత్రి మాత్ర తెల్లారేదాకా కాస్తుంది. కాకపోతే రోజూ వేస్తే ఒంటికి అలవాటైపోతుంది."

"అవి రెండూ చూశాంలేమ్మా," అంది అత్తయ్య. "ఒకటేమో నాకు నిద్రపట్టేలోగా మళ్ళీ భగ్గుమంది. రెండోది వారం రోజులు జీరో బల్బు, తర్వాత మామూలే."

"అయితే డాక్టరు రాసిన ఈ మూడోదే మేలు. పరగడుపున వేసుకుని అరగంట ఆగి తినాలి. వెంటనే తెలియదు. నాలుగైదు రోజులకి పట్టుకుంటుంది."

"మరి వెలుగు?" అన్నాడు మామయ్య.

"పూర్తిగా ఆరిపోతుంది మామయ్యా."

ఆయన మొహం వేలాడేశాడు. మర్నాటి నుంచి అత్తయ్య మాత్ర చేతిలో పెట్టడం, ఆయన నోట్లో వేసుకోవడం, ఆవిడ అటు తిరగ్గానే సింకులో ఊసేయడం. ఆవిడకి చూపున్నన్నాళ్ళూ చూసుకోనీ, తర్వాత మింగొచ్చులే అనుకున్నాడు. మొండిఘటం. నీళ్ళు తాగినా గొంతు కోసుకుపోయేది, పైకి మాత్రం నవ్వేవాడు.

"ఇంకా వెలుగుతూనే ఉన్నారు. ఇదీ దండగ మందేనా?" అని అత్తయ్య రోజూ రాత్రి విసుక్కునేది. విసుక్కుంటూనే ఆయన మొహాన్ని కళ్ళతో తడిమి తడిమి చూసుకునేది.

ఆ వారం చివర్లో ఓ రాత్రి మంట ఎన్నడూ లేనంతగా రేగింది. గోడమీద మేకుల నీడలు కూడా తెలుస్తున్నాయి. అత్తయ్య లేచి కూర్చుంది.

"ఏవండీ! ఆరిపోయింది!"

మామయ్యకు అర్థం కాలేదు.

"మందు పట్టుకుందండీ. ఎంత చీకటో చూడండి!" అంటూ చేత్తో వెతుక్కుని ఆయన ఛాతీ మీద అరచెయ్యి వేసింది. నవ్వుతోంది, ఏడుస్తోంది. వెలుగంతా ఆమె మొహం మీదే ఉంది. విప్పారిన కళ్ళలో కనుపాపలు కదల్లేదు.

మామయ్య ఆమె కళ్ళ ముందు వేళ్ళు ఆడించి చూశాడు.

"మంట లేదు కదా?" అంది అత్తయ్య.

"లేదే. ఆరిపోయింది."

"నిన్ననే మీ మొహం ఇంకాస్త చూసుకోవాల్సింది. పోనీలెండి, పొద్దున్న మసగ్గా అయినా కనబడతారుగా."

ఆయన గుండెమీదే తలపెట్టి హాయిగా నిద్రపోయింది. ఏడిస్తే ఆమె తల కదులుతుందని మామయ్య ఏడవలేదు. తన వెలుగులో ఆమెను చూస్తూ, తెల్లారకూడదని అందరు దేవుళ్ళకీ మొక్కుకున్నాడు.

తెల్లారింది. ఆమె తలను మెల్లగా దిండు మీదకు జరిపి లేచి, మాత్ర తీసుకుని ఈసారి నిజంగానే మింగాడు. ఎండ మంచం మీదకు వచ్చి ఆమె కళ్ళమీద పడింది. ఆమె కదిలింది, కళ్ళు తెరిచింది.

"ఇంకా తెల్లారలేదా అండీ?"

"ఇంకా లేదే," అన్నాడు మామయ్య, "కాసేపు పడుకో."